నాగపూర్ ముందు ఆగిన అక్క

మా అక్క పోయి నెల కావస్తోంది. ఆ రోజు ఎప్పటిలాగే పొద్దున్నే నడిచి వచ్చి అరుగు మీద కూర్చుంది. "చెల్లె, జర నీళ్ళియ్యి" అంది. నేను చెంబుతో బయటికి వచ్చేసరికి గోడకు ఆనుకుని తల వాల్చేసింది. దవాఖానకు పట్టుకుపోయాం గానీ అక్కడ వాళ్ళు చేసేదేమీ మిగల్లేదు. గుండె అన్నారు. ఇంతేనా మనిషి అనిపించింది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య, నాకు యారాలు. జనగామలో మాది కిరాణా దుకాణం. దుకాణం ఒకటే, ఇంటి వాకిలి ఒకటే, పొయ్యిలు మాత్రం రెండు. యారాళ్ళు కలిసి ఉన్నారంటే లోకం నమ్మదు. నమ్మకపోవడంలో తప్పు లేదు, మేమూ బాగానే కొట్లాడుకున్నాం. ఒకసారి ఆమె పప్పులో ఉప్పు ఎక్కువైందని అన్నానని వారం పాటు నా మొహం చూడలేదు. ఆ తర్వాత గిన్నెడు పప్పు తెచ్చి నా ముందు పెట్టి, "ఇగో, ఇప్పుడు తిని సావు" అంది. తిన్నాను. ఆ పప్పులో ఉప్పే లేదు. ఆ మాట మాత్రం నేను అనలేదు, నాకేం పిచ్చా!

ఆమెకు చక్కెర వ్యాధి ఉండేది, గుండె కూడా కొంచెం బలహీనమే. రోజూ నడవాలని డాక్టరు చెబితే, "దుకాణానికీ ఇంటికీ పొద్దుగాల్ల నుంచి తిరిగేది నడకగాదా, పొర్లు దండాలా?" అని కసిరి వచ్చింది. మందులు వేసుకునేది, నడక మాత్రం లేదు. అప్పుడు ఆమె పెద్దకొడుకు ఒక ఉపాయం పన్నాడు. వాడికి భూపాలపల్లిలో ఉద్యోగం. వాడు పనిచేసేచోట ఇళ్ళవాళ్ళందరినీ కలుపుకుని నడక ఆట ఒకటి పెట్టుకున్నారు. నలుగురు ఒక జట్టు. ఎవరి ఊళ్ళో వాళ్ళు నడవాలి. అందరి నడకా కలిపి ఫోనే దేశపటం మీద లెక్క వేస్తుంది. కన్యాకుమారిలో బయలుదేరిన ఎర్రచుక్క ఒకటి మా నడకకు తగ్గట్టు కాశ్మీరు వైపు కదులుతుంది. మా జట్టులో అక్క, నేను, మహబూబాబాద్‌లో ఉండే మా ఆడబిడ్డ, వాడు. వాడు పందెం కోసం అడిగితే తల్లి కాదంటుందా? మర్నాడే నా పాత బూట్లు తొడుక్కుని వాకిట్లో నిలబడింది.

ఆటలో పడ్డాక ఆమెను పట్టలేకపోయాం. ఫోను రొండిన దోపుకుని మార్కెట్ యార్డు దాకా పోయి వచ్చేది. ఒకరోజు ఫోను ఇంట్లో మరిచి పోయి, వచ్చి చూసుకుని, "నా నడకంత గంగల కలిసె" అని మళ్ళీ బయలుదేరింది. మహబూబాబాద్ వదినది ఇంకో కథ. మనుమడి ఉయ్యాల తాడుకు ఫోను కట్టి ఊపిందట, ఎర్రచుక్క ఒక్కసారే బెంగళూరు దాటి ఉరికింది. ఎలా తెలిసిందో అక్కకు తెలిసిపోయింది. ఫోను చేసి, "ఏమే, ఉయ్యాల ఊపుకుంట కాశ్మీర్ పోతవా? సిగ్గుండాలె. ఆ పిల్లగానికున్న బుద్ధన్న లేదు నీకు" అని అరగంట వాయించింది. వదిన ఆ మర్నాటి నుంచి ఒళ్ళు వంచి నడిచింది.

మేమంతా ఆ ఆటను ఆటగానే చూశాం. అక్క మాత్రం నిజంగానే దారిన పోతున్నదానిలా ఉండేది. పొద్దున లేవగానే "ఇయ్యాల ఏడున్నం?" అని అడిగేది. మదురై అంటే ఆ దిక్కుకు తిరిగి దండం పెట్టుకునేది. కర్నూలులో వాన అని ఫోను చూపిస్తే, "ఛత్రి పట్టుకో చెల్లె" అని నవ్వేది. నవ్వుకే అన్నా, ఆ రోజు నిజంగానే ఛత్రి చేత్తో పట్టుకుని నడిచింది, ఆకాశంలో మబ్బుతునక లేదు.

చుక్క హైదరాబాద్ చేరినప్పుడు అసలు సంగతి మొదలైంది. అక్కడ మాకు చుట్టాలు బోలెడు. మన దగ్గర ఒక పద్ధతి ఉంది కదా. చుట్టం ఉన్న ఊరి మీదుగా పోతూ గడప తొక్కకుండా పోతే ఆ మాట ఏళ్ళ తరబడి పడాలి. కనీసం మంచినీళ్ళన్నా తాగి పోవాలి. అక్క కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. "మీ ఊర్లకెళ్ళి పోతాన్నం. ఇంటికి రాలేదని ఏమనుకోకురి" అని. అవతలివాళ్ళకు ఏం అర్థం కావాలి? ఒకరు ఏ బస్టాండులో ఉన్నావని అడిగారు. ఇంకొకరు బండి పంపమంటావా అన్నారు. మా చిన్నత్త ఐతే ఫోను పెట్టేసి ఎసరు పెట్టేసింది. రెండు కూరలు వండి, పెరుగు తోడుపెట్టి, పగలంతా గుమ్మంలో ఎదురుచూసి సాయంత్రం ఫోను చేసింది. "ఏడికొచ్చినవే? అన్నం సల్లారిపాయె!" అని. అక్క నాలుక కరుచుకుంది. మర్నాడు పొద్దున రైలెక్కి హైదరాబాద్ పోయి, ఆ అన్నం తినిపోవడానికే వచ్చానని చెప్పి తిని వచ్చింది. మేం నవ్వి నవ్వి సచ్చాం.

ఆదిలాబాద్ దాటాక అక్క నడవడం మానేసింది.

మొదటి రోజు కాళ్ళు గుంజుతున్నాయంది. సరే అనుకున్నాం. రెండో రోజు కొత్త చింతపండు వచ్చింది, గింజ తీయాలంది. ఆ తర్వాత ఫోను తీసి అల్మారాలో పెట్టింది. భూపాలపల్లి నుంచి కొడుకు రోజూ ఫోను చేసేవాడు. "అమ్మా, మనం ఎనుకపడ్డం" అంటే, "మీరు నడువురి బిడ్డా, నేను ఎనుక వస్త" అనేది. నాకు భయం వేసింది, గుండె సంగతి ఏమైనా దాస్తోందా అని. ఒక మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద చింతపండు గింజ తీస్తుంటే పట్టుకుని అడిగేశాను. దవాఖానకు పోదామా అన్నాను.

"దవాఖాన గాదే. నాగపూర్ వస్తాంది" అంది.

"వస్తే ఏంది?"

"తమ్ముడు ఉండంగ ఆ ఊరు దాటి ఎట్ల పోత చెల్లె?"

అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. అక్క తల్లిగారిల్లు నర్మెట్ట. ఒక్కడే తమ్ముడు, నాగపూర్‌లో మిర్చి వ్యాపారం. పెద్దకొడుక్కు తన బిడ్డను చేసుకోమని ఆయన అడిగాడు. కొడుకు వద్దన్నాడు. ఆ వద్దన్న మాటను అక్క తమ్ముడికి విడిగా చెప్పకుండా, ఒక పెళ్ళిలో నలుగురు ఉండగా చెప్పింది. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. "నా బిడ్డ నీకు ఆనలేదా" అని ఒక్క మాట అన్నాడు. అప్పటినుంచి రాకపోకలు లేవు. తమ్ముడు పిలవలేదని ఆమె, అక్క రాలేదని ఆయన. రాఖీ పండుగనాడు దుకాణంలో రాఖీలు అమ్మేది, కట్టడానికి చెయ్యి లేదు. ఆ అమ్మాయికి వేరే చోట పెళ్ళై పిల్లలు కూడా పుట్టారు. పట్టుదల మాత్రం పోలేదు.

"ఫోన్ చెయ్యరాదు?" అన్నాను.

"ఇంటికి పోవలసిన తాన ఫోనేంది?" అని కసిరింది. కాసేపు చింతపండు కలబెట్టి, మెల్లగా అంది: "పోత. పోతె వాడు తలుపు తియ్యకపోతె ఏం జెయ్యాలె? ఇన్నొద్దులు ఎన్నడన్న వస్తడని అనుకుంట బతుకుతాన్న. అది గూడ పోతది గదా."

ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. మా అత్త పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకు చాయ్ అందిందో లేదో చూస్తూ తిరిగిన మనిషి. నా చేతులనిండా చింతపండు గుజ్జు, అలాగే ఆమె భుజం పట్టుకున్నాను. "నేనొస్త పా, తలుపు తియ్యకుంటె ఇద్దరం కలిసి తన్నుదాం" అన్నాను. ముక్కు చీదుతూనే నవ్వింది. "నీ నోరు పాడుగాను" అంది.

జొన్నరొట్టెలు నలిపి, బెల్లం నెయ్యి వేసి మలీద ముద్దలు కట్టింది. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ అవంటే ప్రాణమట. కాజీపేటలో రైలెక్కాం. దారి పొడుగునా డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంది, నన్ను ముట్టనియ్యలేదు. బల్లార్షా దాటాక, "తిరిగి పోదామా?" అంది. నేను విననట్టు కిటికీలోకి చూశాను.

తలుపు ఆయనే తీశాడు. తల బాగా నెరిసిపోయింది. అక్కను చూసి అలాగే నిలబడిపోయాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. అక్క గడప అవతలే నిలబడి, ఉబ్బిన పాదాలు చూపించి అంది: "ఏందిరా గట్ల చూస్తవ్? కన్యాకుమారి కాడ్నుంచి నడుసుకుంట వచ్చిన. కాళ్ళకు నీళ్ళియ్యవా?"

ఆయన నా మొహం చూశాడు, అక్కకు మతి గాని చెడిందా అన్నట్టు. "నిజమే అన్నా, నడిచే వచ్చింది" అన్నాను. లోపలినుంచి ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన చెంబు ఆమె చేతిలోంచి తీసుకుని, వంగి, అక్క కాళ్ళ మీద తనే పోశాడు.

అంతటితో అంతా సర్దుకుందని చెబితే అబద్ధం. అన్నాలు తిన్నాక అసలు కొట్లాట జరిగింది. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్" అని ఆయన, "అవును, తప్పు జెప్పిన. కొట్టు. కొట్టి పిలువరాదురా? పిలువకుంట ఉంటవా?" అని ఈమె. నేనూ ఆయన భార్యా వంటింట్లో కూర్చుని వింటూ ఉన్నాం. ఆ గొంతులు విని పక్కింటివాళ్ళు కూడా తొంగి చూశారు. చివరికి ఆయన, "నీ కొడుకు కన్న మంచి అల్లుడే దొరికిండు తియ్యి" అన్నాడు. "దొరకక? నా మేనకోడలికేం తక్కువ?" అంది అక్క. కాసేపటికి మలీద డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. మేం లేచి మంచినీళ్ళు తీసుకుపోయాం.

తిరిగి వచ్చాక మళ్ళీ నడిచాం. ఆట గడువు అయిపోయేసరికి మా చుక్క ఆగ్రా దగ్గరే ఉంది. మిగతా జట్లలో కొన్ని కాశ్మీరు చేరాయి. కొడుకు కాస్త చిన్నబోతే, "మనకు కాశ్మీర్ల ఎవరున్నరు బిడ్డా" అని తేల్చేసింది. ఆట ఆగిపోయినా ఆమె నడక మానలేదు. నడుస్తూనే తమ్ముడితో ఫోనులో మాట్లాడేది. ఏం మాట్లాడేదంటారా? ఏమీ లేదు. "తిన్నవా?" "ఏం కూర?" "ఎండ ఎట్లున్నది?" అంతే. ఆ నాలుగు మాటలకే మొహం వెలిగిపోయేది. ఎండలు ముదిరాయి. ఆ ఎండల్లోనే పోయింది.

ఆ రోజు పొద్దున నాగపూర్‌కు ఫోను చేసింది నేనే. ఆమె తమ్ముడు "వస్తాన్న" అన్నాడు. పెద్దమనుషులు ఎండ ఎక్కుతోంది, ఎత్తుదాం అంటూనే ఉన్నారు. మన దగ్గర ఆడమనిషి పోతే తల్లిగారింటి నుంచి వచ్చిన చీర కప్పాలి. అది వచ్చేదాకా కదిలించేది లేదని మా బావ ఒకే మాట మీద కూర్చున్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆనాడు మేం నాగపూర్ రైలెక్కకపోయి ఉంటే ఆ చీర తెచ్చేవాళ్ళే లేకపోయేవారు.

మధ్యాహ్నం దాటాక కారు దిగాడు. చేతిలో ఆకుపచ్చ చీర. మడత విప్పని కొత్త చీర. "వచ్చే నెల మనుమని పుట్టెంటుకలు. పిలువ వచ్చినప్పుడు పెడుదామని కొన్ననమ్మా" అని నా చేతిలో పెట్టాడు. అంతవరకూ తమాయించుకున్నాడు, ఆ మాట చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతమందిమి ఉండీ ఆయన్ను ఊరుకోబెట్టడం మావల్ల కాలేదు.

చీర కప్పి, వైకుంఠ రథంలోకి ఎక్కించాక డ్రైవరు ఆయన్ను చూసి, "ఎండ బాగున్నది పెద్దాయనా, ఎక్కురి" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వు మెల్లగ పోనియ్యి. నేను నడుస్త" అన్నాడు. చెప్పులు వాకిట్లోనే ఉండిపోయాయి. నేను వీధి మలుపు దాకా పోయి ఆగిపోయాను. దుకాణాల వాళ్ళు షట్టర్లు సగానికి దించి బయట నిలబడ్డారు. తారు కాలుతోంది. బండి అడుగులో అడుగు వేస్తున్నట్టు పోతోంది. వెనుక అద్దంలోంచి ఆకుపచ్చ అంచు కొంచెం కనిపిస్తోంది. ఆయన ఒక చెయ్యి బండి కమ్మీ మీద వేసి, దాన్నే చూస్తూ వెనుక నడుస్తున్నాడు.