టీవీలో చూసి రాశానన్నాను

ఆ క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరుల మాటలు ఎక్కడినుంచి తెచ్చానో ఆ రోజు చెప్పలేదు. నా కారు ముందు సీట్లో కూర్చునే అమ్మాయి నోటినుంచి తెచ్చాను.

కాలేజీలకు మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న సంవత్సరాలవి. కెనడాలో, ఒంటారియోలోని మా లండన్‌లో ఆదివారం బస్సులు తక్కువ. అందుకని మా తెలుగు చర్చి సంఘంలో కార్లున్నవాళ్లం విద్యార్థులను ఆరాధనకు తీసుకొచ్చేవాళ్లం. నా వంతుకు వచ్చింది శ్రీకాకుళం అమ్మాయి. "ఏటంకుల్, ఈ మంచు బేగి తగ్గదా?" అంటే నాకు సరదాగా ఉండేది. ఇంకా చెప్పమ్మా అని అడిగి, ఇంటికెళ్లి రాసుకునేవాణ్ణి.

అప్పట్లో నాకు పాత బ్రిటిష్ స్కెచ్ కామెడీల పిచ్చి. హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ దిగి వచ్చి అవే చూసేవాణ్ణి. వాటిలో ఇంగ్లండ్ ఉత్తరాదివాడు మొద్దు, స్కాట్లండ్‌వాడు పిసినారి. వాళ్లు జోకు వేయనక్కర్లేదు. యాసలో మొదటి మాట పడగానే జనం నవ్వేవారు. సంఘంవాళ్లు క్రిస్మస్‌కి నాటిక రాయమన్నప్పుడు ఆ కిటుకే వాడాను. బాలయేసును చూడవచ్చే జ్ఞానులకు మా గుంటూరు భాష, కాపరులకు శ్రీకాకుళం యాస.

హాలు పగలబడి నవ్వింది. కాపరి "ఏటి?" అంటే చాలు, ఈలలు.

నాటిక అవగానే సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పడం. ఆ అమ్మాయి లేచింది. ఆ వారమే వాళ్ల నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది. వెళ్లలేక, ప్రార్థన చేయమని నన్ను రోజూ అడిగింది. మైకు పట్టుకుని, "మా నాన్నకి ఆపరేషన్ బాగైపోనాది. నిన్న కళ్లు తెరిసీసి నా పేరెట్టి పిలిసినాడంట..." అంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా. నాటికలో ఇంకో ముక్క అనుకున్నారు. "ఏటి? ఏటి?" అని ఒకాయన అరిచాడు కూడా.

ఆమె నావైపు చూసింది. నేను ముందు వరుసలోనే ఉన్నాను. లేచి, "ఆగండి, ఇది నాటిక కాదు" అంటే సరిపోయేది. స్క్రిప్టు కాగితాలు మడత పెడుతూ కూర్చున్నాను. ఆమె చెప్పాల్సింది చెప్పకుండానే మైకు ఇచ్చేసింది.

తిరుగు దారిలో సిగ్నల్ దగ్గర నోరు విప్పింది, అచ్చం పుస్తకాల తెలుగులో.

"అంకుల్, అవి నా దగ్గర విన్న మాటలేనా?"

"అబ్బే, లేదమ్మా. బ్రిటిష్ టీవీలో చూసి రాశాను."

"బ్రిటిష్ టీవీలో శ్రీకాకుళం యాస వస్తుందా?"

గ్రీన్ పడింది. పోనిచ్చాను. ఇక రైడ్ అక్కర్లేదని మరుసటి శనివారం మెసేజ్ వచ్చింది. మళ్లీ ఆమె మా సంఘానికి రాలేదు.

అయిదేళ్లు నాలో నేనే నలిగాను. ఆమె మాంట్రియల్‌లో ఉద్యోగంలో ఉందని తెలిసి, కిందటి నవంబర్‌లో ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. అంతా విని, "నాకు సెప్పడమేటి అంకుల్? ఆ రోజు నవ్వినోల్లకి సెప్పండి" అంది.

క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచాను. చేతిలో ఫోను, లైన్లో ఆమె. మైకు అందుకున్నాను.

"అయిదేళ్ల కిందటి క్రిస్మస్‌కి ఇక్కడ ఒక కూతురు తన తండ్రి బతికాడని చెబుతుంటే మనం నవ్వాం. ఆ యాస వినగానే నవ్వాలని మీకు అలవాటు చేసింది నేను. ఆమె మాటలు తీసుకుని, టీవీలోవని ఆమెతోనే అబద్ధమాడాను. అమ్మా, తప్పు నాది. నన్ను క్షమించు."