కంప్యూటరు లేచేలోపు కాఫీ

మా కంప్యూటరు నిద్ర లేవాలంటే ముందు డికాషన్ దిగాలి. బటన్ నొక్కి, ఫిల్టర్‌లో మరిగే నీళ్లు పోసి, పాలు కాచి, కాఫీ తాగి, గ్లాసులు కడిగి వచ్చేసరికి అది ఇంకా ఒళ్లు విరుచుకుంటూ ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందుగదిలో పెళ్లికార్డులు కంపోజ్ చేసేదాన్ని. ఇల్లు గడిచేది దానిమీదే. ఇంతలో బజార్లో కొత్త షాపు పెట్టారు. అక్కడ ఇలా చెబితే అలా అయిపోతుందట. మా ఇంటికి వచ్చే నాలుగు పెళ్లిళ్లూ అటు పోతే మా గతేమిటని నాకు బెంగ పట్టుకుంది.

మా అత్తగారికి ఆ బెంగే లేదు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "ఏవండీ, మీ నాన్నగారు కులాసాయేనా? వియ్యాలవారిది ఏ ఊరండీ? పెద్దలంతా ఉన్నారాండీ?" అని కూపీ లాగేవారు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఒళ్లు మండిపోయేది.

ఏలూరు నుంచి మెకానిక్‌ని పిలిపించాను. ఆయన డబ్బా విప్పి, దుమ్ము ఊది, లోపలి ముక్కనొకదాన్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది, "ముసలిదైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఆయనా కాఫీ తాగే వెళ్లాడు.

ఇక నేనే పట్టుకుని కూర్చున్నాను. వెతగ్గా వెతగ్గా దొంగలు దొరికారు. బటన్ నొక్కగానే వాటంతటవే లేచే ప్రోగ్రాములు! మా మరిది పెట్టిన సుప్రభాతం, ఏలూరు పెదమావగారు ఎక్కించిన పంచాంగం, పక్కింటి టీచరుగారు ప్రేమగా వేసిచ్చిన రోజుకో బైబిలు వాక్యం, కొల్లేట్లో చేపల చెరువులున్న చుట్టం పెట్టిపోయిన, తెర మీద ఈదే చేపలు. వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి పెట్టి వెళ్లారు. తీసే దిక్కు లేదు.

"తీసేస్తానండీ" అన్నాను.

"అయ్యో, తప్పమ్మా! రేపు ఆ పెట్టినాయన వచ్చి చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు అత్తగారు. కంప్యూటరుక్కూడా మర్యాదలు!

ఆవిడ ద్వారకా తిరుమల వెళ్లిన రోజు చూసి, అందర్నీ సాగనంపాను. వెంకటేశ్వరస్వామినీ, ఏసుప్రభువునీ, చేపల్నీ ఒకే చేత్తో. మళ్లీ బటన్ నొక్కితే కళ్లు మూసి తెరిచేలోపు లేచి కూర్చుంది. ఎంత సంబరపడ్డానో!

సరిగ్గా అప్పుడే పెంటపాడు నుంచి ఒక రైతు వచ్చారు, కొడుకు పెళ్లి. పెద్దకొడుకు పెళ్లినాటి పాత కార్డు చేతిలో పెట్టి, కొత్త పేర్లు చెప్పి, "అచ్చం ఇలాగే వేసెయ్యండమ్మా" అన్నారు. అదీ మా కంప్యూటర్లో వేసిందే, అందులో పాత పేర్లు తీసి కొత్తవి పెట్టాను. తెర మీద చూపిస్తే, "బాగుందండీ, బాగుందండీ" అన్నారు. కాఫీ లేదు, కబురు లేదు, చిటికెలో పని అయిపోయింది. బజారు షాపువాడు నా దగ్గర నేర్చుకోవాలి అనుకున్నాను.

కార్డులు అచ్చై వెళ్లిన కొన్నాళ్లకి, ఒక పెద్దాయన కర్ర పట్టుకుని బస్సు దిగి వచ్చారు. చేతిలో మా కార్డు.

"అమ్మా, పెళ్లికొడుకు తాతనండీ. కార్డులు మావైపు పంచడం మొదలెట్టారు. అందులో నా పేరు ముందు కీర్తిశేషులని పడిందంటండీ. కార్డు అందినవాళ్లు పరామర్శకి వస్తున్నారు. నేనే మంచినీళ్లిచ్చి పంపిస్తున్నానండీ" అన్నారు. ఒక్క మాట గట్టిగా అనలేదు. తిట్టినా బాగుండును. నా తల కొట్టేసినట్టయింది. ఈ కబురు ఊళ్లో పాకితే ఇక మా గుమ్మం ఎక్కేదెవరు?

పాత కార్డులో ఆ చోట ఉన్నది పిల్లాడి తల్లివైపు తాత. ఆయన పోయారు. ఈసారి రైతు తన తండ్రి పేరు చెప్పారు. నేను పేరైతే మార్చాను, దాని ముందున్న కీర్తిశేషుల్ని కదపలేదు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. "అన్నయ్యగారూ, కూర్చోండి. కంప్యూటరు లేచేదాకా కాఫీ తాగుదురుగాని. అంతా సరిచేసి మళ్లీ వేయించి ఇస్తుందండీ" అన్నారు. అది లేచి ఎంతసేపో అయింది, ఆయన ఎదురుగానే వెలుగుతోంది. నేను చప్పుడు చెయ్యకుండా తెర ఆపేశాను.

కాఫీ వచ్చింది. "ఆడపిల్లవారి తాతగారు కులాసాయేనాండీ?" అని అడిగారు అత్తగారు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. "ఈ సంబంధం కుదిర్చింది వాడేనండీ, నా చిన్ననాటి స్నేహితుడు. ముహూర్తం పెట్టకముందే పోయాడు" అన్నారు.

నేను కార్డు తిప్పి చూశాను. పెళ్లికూతురి తాతగారి పేరు ముందు, పాత కార్డులో ఉన్నట్టే, 'శ్రీ' అని ఉంది. ఉన్నాయన్ని పంపేసి, పోయినాయన్ని పెళ్లికి పిలిచాను. ఏడుపొచ్చింది నాకు.

కార్డులన్నీ మళ్లీ వేయించి ఇచ్చాం. తీసేసినవేవీ తిరిగి పెట్టలేదు, కంప్యూటరు చిటికెలో లేచేది. కానీ పెళ్లివారు గుమ్మం ఎక్కుతుంటే నేను ముందు తెర ఆపేసేదాన్ని. "ఇంకా లేవలేదండీ, కాస్త కూర్చోండి" అనేదాన్ని. అత్తగారు ఫిల్టర్‌కి నీళ్లు పెట్టేవారు.