తొంభై ఏడు మార్కుల ఫ్లెక్సీ

మా చిన్నప్పుడు... హఫీజ్‌పేటలో మా వీధి మలుపు దగ్గర ఒక ఫ్లెక్సీ వెలిసింది. అప్పటిదాకా ఆ కరెంటు స్తంభం మీద నాయకుల పుట్టినరోజులే చూశాం. ఆ రోజు మాత్రం రెండు జడల మమత! "లెక్కల్లో 97 మార్కులు... మా బంగారు తల్లికి శుభాకాంక్షలు" అని రాసి, పక్కనే వాళ్ళ నాన్న మల్లేశం అంకుల్ ఫొటో. కూతురి కన్నా ఆయన మీసమే పెద్దగా కనిపించేది.

మమత నా ప్రాణ స్నేహితురాలు. వాళ్ళది తరతరాలుగా ఆ ఊరే. మేము కోస్తా నుంచి వచ్చి వాళ్ళింటి మేడ మీద అద్దెకు దిగాం. అంకుల్‌కి మోటార్లు బాగుచేసే షాపు ఉండేది.

ఇద్దరం ఒకే బళ్ళో తొమ్మిదో తరగతి. నాది స్పెషల్ బ్యాచ్, తనది మామూలు బ్యాచ్. ఆ లెక్కల పరీక్షలో మంచి ర్యాంకు వస్తే పదో తరగతికి తను మా బ్యాచ్‌లోకి వచ్చేస్తుంది. ఒకే బెంచీ మీద కూర్చోవాలని ఏడాదంతా అనుకున్నాం... కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న దగ్గర మాత్రం పోట్లాడుకునేవాళ్ళం.

నాకు వచ్చింది ఎనభై తొమ్మిది. ఇంటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట, "మమతకెంతొచ్చాయే?" చెప్పాను. కంచంలో అన్నం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం ర్యాంకులు పెట్టారు. బ్యాచ్‌కో ప్రశ్నపత్రం ఇచ్చారు... మాది కష్టమైనదట, వాళ్ళది తేలికైనదట. అందుకని స్కేలింగ్ అన్నారు. మాకు కలిపారు, వాళ్ళకు కోశారు. నోటీసు బోర్డు మీద నాది మొదటి ర్యాంకు. మమత పేరు కోసం వేలితో కిందకి, ఇంకా కిందకి వెతుక్కోవాల్సి వచ్చింది. మా బ్యాచ్‌కి ఎంపికైన వాళ్ళలో తన పేరు లేదు.

"మల్ల నా తొంభై ఏడు ఎటు పోయినయే?" అంది నా చెయ్యి పట్టుకుని.

మర్నాడు అంకుల్ బడికి వచ్చారు. మమత గేటు దగ్గరే ఆగిపోయింది. నేను ఆఫీసు గది తలుపు పక్కన నిలబడి విన్నాను.

"జర సమజ్ చేసుకోండ్రి సార్. బిడ్డ రాసింది తొంభై ఏడు గద. రాసిన మార్కులు మీరెట్ల తగ్గిస్తరు?"

హెడ్మాస్టరు సారు చాలాసేపు వివరించారు. చివరికి "పేపరు తేలికైతే ఎవరికైనా వస్తాయండీ" అన్నారు. అంకుల్ లేచి బయటికి వచ్చేశారు.

గేటు దగ్గర మమత ఎదురొచ్చింది. "ఏమన్నడు నాయినా?"

"నువ్వు మంచిగ రాసినవనే అన్నడు బిడ్డా. ఫికర్ చేయకు... మనకెందుకు గా బ్యాచు?"

వెనకాలే వచ్చిన నేను తల వంచుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.

ఫ్లెక్సీ మాత్రం తీయనన్నారు. "రాసింది అబద్ధం కాదు గద" అనేవారు. బడి పిల్లలు ఊరుకుంటారా? స్తంభం దగ్గర ఆగి "తొంభై ఏడు... తొంభై ఏడు..." అని పాట కట్టారు. మమత రైల్వే స్టేషన్ వైపు నుంచి చుట్టూ తిరిగి బడికి రావడం మొదలుపెట్టింది. ఆ సంగతి తెలిసిన మర్నాడు పొద్దున్నే అంకుల్ నిచ్చెన వేసుకుని తానే విప్పేశారు. చాపలా చుట్టి చంకలో పెట్టుకుని షాపుకు వెళ్ళిపోయారు.

పదో తరగతికి మమత ఆ బడి మానేసింది. మేము ప్రగతి నగర్‌కు మారిపోయాం. ఏ గొడవా లేకుండానే మా స్నేహం తెగిపోయింది.

ఇప్పుడు నా ఉద్యోగం కోకాపేటలో... ఇక్కడా ఏడాదికోసారి స్కేలింగే. బాగా చేశావంటూనే, టీంలో అందరికీ పెద్ద రేటింగ్ ఇవ్వలేం కదా అంటారు. రేటింగ్ రాగానే ఎవరూ తమది చూసుకుని నవ్వరు. ముందు పక్క సీటు వాళ్ళకి ఏమొచ్చిందో ఆరా తీస్తారు. నేనూ అంతే. అప్పుడు మల్లేశం అంకుల్ గుర్తొచ్చి ఏడుపొస్తుంది. కూతురి మార్కు వినగానే, మిగతా వాళ్ళ సంగతి అడగకుండా వీధంతటికీ చాటిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కరే.

మీకెన్ని వచ్చినా "పక్కవాళ్ళకెంత?" అనకుండా సంబరపడ్డవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉండేవారా? ఉంటే వాళ్ళ గురించి రెండు మాటలు రాయండి, చదువుకుంటాను...

మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరు.