తలుపుకు వీపు

కర్నూలులో మా కాలేజీలో లెక్కల్లో తప్పినవాళ్లకు విడిగా చెప్పే గది ఒకటుండేది. అక్కడి మేడమ్ ఎప్పుడూ తలుపుకు వీపు పెట్టి కూర్చునేది. అడుగుల చప్పుడు వినిపిస్తే గోడకున్న బోర్డు వైపు చూస్తూనే, "ఏ లెక్క కాడ ఆగినావప్పా?" అనేది. సిగ్గుతో తలొంచుకుని వచ్చే మాకు ఆ వీపే ధైర్యం.

ఒక మండుటెండ మధ్యాహ్నం మేము ఆమె వెనక బెంచీల్లో ఉండగా ప్రిన్సిపాల్ తాళంకప్ప పట్టుకుని వచ్చాడు.

"లెక్కల కోసం ఈ గదికి ఎవురూ రారంట. స్టోర్‌రూమ్ చేస్తాండాం," అని మా వైపు తిరిగాడు. "మీరేంటికొచ్చినారు?"

తప్పామని చెప్పడానికి మాకు నోరు రాలేదు. "ఫ్యాన్ గాలికి సార్," అన్నాడు ముందు బెంచీవాడు. మేమంతా తలలూపాం.

"విన్నారా మేడమ్?"

ఆమె మొదటిసారి తలుపు వైపు తిరిగింది. తన చెయ్యే పైకెత్తింది.

"నేను డిగ్రీలో లెక్కలు తప్పినా సార్. అప్పుడు మాకు ఇట్లాంటి గది ల్యాకపాయ."

ఎత్తిన చెయ్యి దించకుండానే మళ్లీ గోడ వైపు తిరిగింది. ఫ్యాన్ ఒక్కటే కిర్రుమంటోంది. ముందు బెంచీవాడు చెయ్యెత్తాడు. తర్వాత నేను. ఆ తర్వాత అందరూ.

ఎవరెవరి చేతులు లేచాయో ప్రిన్సిపాల్ చూశాడు. ఆమె చూడలేదు.