చెయ్యెత్తకుండా, నోరెత్తకుండా

మా నాయనమ్మ లవీజె మాటలు నేర్చిన రోజు నుంచి నోరు మూసుకున్న దాఖలాలు లేవు. పెళ్లయి విద్జెమె సీమలోని అత్తవారింటికి వచ్చిన మొదటి రోజే రొట్టెలపొయ్యి తూర్పుకు ఎందుకు తిరిగి ఉందని అత్తగారిని అడిగింది. ఆవిడ ఆలోచించేలోపు, తేనెటీగల పెట్టెలకు గడ్డిటోపీలు ఎందుకని మామగారిని అడిగింది. ఆ రాత్రి ఆయన భార్యతో, "మనవాడు పెళ్లాన్ని తెచ్చాడా, పరీక్షాధికారిని తెచ్చాడా?" అన్నాడట.

ఆమెతో పాటే ఆ ఇంటికి ఓగ అనే ఎర్రగుర్రం వచ్చింది. పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే, దానికి ఆవుపాలు పట్టి పెంచింది లవీజే. ఓగ ముందు ఆమె భర్త అన్సిస్ కూడా రెండో స్థానమే. పాపం, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో ఓగకు ఏదో పట్టుకుంది. పొద్దున్నే లాయం తలుపులు తీసేసరికి ఒళ్లంతా చెమట, చిక్కుపడిన జూలు, వణుకుతున్న కాళ్లు. రాత్రంతా ఎవరో ఎక్కి పరుగెత్తించినట్టు ఉండేది.

"లియెతువేన్స్ ఎక్కుతోంది," అంది అత్తగారు దోర్తె, బంగాళాదుంపల తొక్క తీస్తూనే. నిద్రపోయేవాళ్ల గుండెల మీద కూర్చుని ఊపిరాడనివ్వని దయ్యం అది. మనుషులతో విసుగు పుడితే గుర్రాల మీద పడుతుంది.

"దయ్యమో, రోగమో నాకనవసరం," అన్నాడు మామగారు ఇంద్రికిస్. "మిఖెలి పండగ సంతకు పన్నెండు రోజులుంది. అప్పటికీ ఇలాగే ఉంటే తోలుకెళ్లి అమ్మేస్తాను."

"అది నా గుర్రం, మామయ్యా!"

"నీదే తల్లీ. దాణా మాత్రం నాది."

లవీజె తలకు రుమాలు కట్టుకుని, బురదనేల దాటి, త్రీనె అవ్వ ఇంటికి నడిచింది. దయ్యాన్ని ఆపే శిలువ గీయడం ఆ చుట్టుపక్కల ఆవిడకే వచ్చు. కాని ఆవిడ చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

"నా చేత్తో గీస్తే మేక కొమ్ముల్లా వస్తుంది," అంది త్రీనె. "నువ్వే నేర్చుకో. నక్షత్రంలా ఐదు కొమ్ములు, వాటి నడుమ శిలువ. మొత్తం ఒకటే గీత. ఎక్కడ మొదలెట్టావో అక్కడే వచ్చి కలవాలి. మధ్యలో చెయ్యెత్తకూడదు. నోరెత్తకూడదు."

"చెయ్యి సరే, నోరు ఎందుకవ్వా?"

"ఇదిగో, ఇందుకే," అంది అవ్వ.

పొయ్యిలోని బూడిద పలక మీద పరిచి ఆవిడ ఒకసారి గీసి చూపించింది. వేలు పైకి పోయింది, కిందికి దిగింది, వెళ్లిన గీతనే అడ్డంగా దాటింది, మళ్లీ పైకి తేలింది. దయ్యం ఆ గీత వెంట దారి వెతుక్కుంటూ తిరిగి తిరిగి, బయటపడేలోపు తెల్లవారిపోతుందట.

"మరి దయ్యానికి తెలివుంటే గీత మీద నడవకుండా దాటేయదా?"

"తెలివుంటే గుర్రాన్ని వట్టినే తిప్పుతుందా? కట్టెలు మోయించుకోదూ?"

అది న్యాయంగానే తోచింది లవీజెకు.

ఆ రోజు నుంచి ఇంట్లో కనిపించిన ప్రతి చదునైన చోటూ ఆమెకు పలకే అయింది. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద గీసింది. రొట్టెల పిండిలో గీసింది. బార్లీ జావలో చెంచాతో గీస్తుంటే దోర్తె చేతి మీద ఒక్కటి వేసింది. "తినే తిండిలో దయ్యాల బొమ్మలేంటే!" ఒక పూట వెన్నముద్ద మీద కత్తిమొనతో గీసిన శిలువను ఇంద్రికిస్ చూసుకోకుండా రొట్టెకు రాసుకుని తినేశాడు.

"అయితే ఇక నా పొట్ట మీదికి దయ్యం రాదన్నమాట," అన్నాడు మీసాలు తుడుచుకుంటూ.

"దానికి చోటెక్కడ మిగిల్చారు లెండి," అంది దోర్తె.

అయిదో రోజుకి చెయ్యి కుదిరింది. పీలాద్జిస్ అనే ఎర్రకాయల చెట్టు కొమ్మను కాల్చి బొగ్గు చేసుకుంది. లాయానికి ఉన్న రెండు తలుపులూ దగ్గరగా మూసి, బయటివైపు నిలువెత్తున గీసింది. గీత ఎక్కడా తెగలేదు. ఒక్క మాటా మాట్లాడలేదు. మాటలు మింగీ మింగీ మొహం మాత్రం ఎర్రబడింది.

మర్నాడు ఓగ చెమటలో తడిసి ఉంది. ఆ తర్వాత మూడు రోజులూ అంతే.

కబురందుకుని త్రీనె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. శిలువను పైనుంచి కిందికి చూసింది. "ఎంత ముచ్చటగా గీశావే!" అని తలుపు లాగింది. శిలువలో సగం కుడి తలుపుతో పోయింది, సగం ఎడమ తలుపు మీద నిలిచింది.

లవీజె ఆ సగాన్నీ ఈ సగాన్నీ మార్చి మార్చి చూసింది.

"తలుపు తీసినప్పుడల్లా గీత తెంపి, దయ్యానికి నువ్వే దారి ఇస్తున్నావు," అంది త్రీనె. కర్ర మీదికి వాలి నవ్వీ నవ్వీ చివరికి దగ్గు తెచ్చుకుంది. "లోపల గీయి పిల్లా. కదలని చెక్క మీద."

సంతకు ఇంకా రెండు రోజులే ఉంది. ఆ సాయంత్రం పాలు పితికాక లవీజె ఓగ కొట్టంలో బల్ల వేసుకుని ఎక్కి, అడ్డదూలం మీద బొగ్గు ఆనించింది. ఊపిరి బిగబట్టి గీత మొదలెట్టింది.

ఆమె ఉన్నచోట అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఉండి ఉండదు. ఓగ దాణా నమలడం, ఎండుగడ్డి సర్దుకోవడం వినిపించాయి. ఇంకేదో గీరుతున్న చప్పుడు కూడా.

మూడో కొమ్ము దగ్గర ఉండగా, చలి రాకుండా గోడ దుంగల మధ్య కుక్కిన నాచు కదిలింది. అందులోంచి ఒక తల బయటికి వచ్చింది. జెబ్యెక్స్తె! ముంగిసను వేలంత సన్నగా సాగదీసినట్టుండే చిన్న జంతువు. అది స్తంభం మీదుగా జారి, ఓగ వీపు మీదికి దూకి, జూలులోకి దూరింది. ఓగ ఒళ్లంతా జలదరించింది. తల ఎగరేసి, డెక్కలతో నేల తన్నసాగింది.

లవీజె గొంతులోకి అరుపు వచ్చేసింది. చెయ్యి దాన్ని పట్టుకోవాలని లాగింది. ఇంకా రెండు కొమ్ములున్నాయి, శిలువ ఉంది. ఆమె పళ్లు బిగించి, కళ్లు గుర్రం మీద, బొగ్గు చెక్క మీద పెట్టుకుని గీస్తూ పోయింది. గీత వంకరపోయింది గాని తెగలేదు. మొదటి చుక్కను కలిసిన మరుక్షణం ఆమె పెట్టిన కేకకు జెబ్యెక్స్తె వచ్చిన బొక్కలోంచే బయటికి ఎగిరిపోయింది. పెరట్లో కట్టెలు కొడుతున్న అన్సిస్ గొడ్డలితో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఎవరు?"

"ఏం లేదు. నాచు పట్రా. రాళ్లు కూడా."

మర్నాడు ఓగ పొడిగా ఉంది. లవీజె ఊపిరి పీల్చుకుని మళ్లీ బురదనేల దాటింది.

"అవ్వా, అది జెబ్యెక్స్తె. నా కళ్లతో చూశాను. దయ్యం కానే కాదు."

"దయ్యం జెబ్యెక్స్తెలా రాకూడదా?"

"అయితే ఆపింది శిలువా, నాచా?"

"నాచు తీసి చూడు మరి. తెలుస్తుంది."

లవీజె దారి పొడుగునా ఆలోచించింది. లాయంలోకి వెళ్లి, బల్ల ఎక్కి, బొక్కలో కుక్కిన నాచు మీద వేలు పెట్టింది. తెలుసుకోవాలని ప్రాణం లాగింది. కింద ఓగ ఆమె పావడా అంచు నోట పట్టి నములుతోంది. లవీజె వేలు వెనక్కి తీసుకుని, ఆ బొక్కలోకి ఇంకో రాయి దట్టించింది.

సంత రోజు తెల్లారగానే ఇంద్రికిస్ ఓగ మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. వీపు నిమిరాడు. జూలులో వేళ్లు పోనిస్తే ఎక్కడా చిక్కు తగల్లేదు. దూలం మీది వంకర శిలువ వైపు ఒకసారి తలెత్తి చూసి, ఓగనే బండికి కట్టి, ఆపిల్ పళ్ల బస్తాలు వేశాడు.

"అమ్మడానికేనా, మామయ్యా?" అంది లవీజె, ఓగ కళ్లెం పట్టుకుని.

"ఆపిల్ పళ్లని. ఎక్కు. నువ్వు లేకపోతే దారంతా ఇది నా మాట వినదు."

లవీజె ఎక్కి కూర్చుంది. ఊరు దాటకముందే, ఆపిల్‌కు తొడిమ గుంటలో ఎందుకుంటుందని అడిగిందట.