వాపస్ నొక్కని దుర్గేశ్

ఎర్రబోరు సంతలో ఒకప్పుడు దుర్గేశ్ కట్టిన కత్తికి ఎదురు లేదనేవాళ్లు. పుంజు రెండు కాళ్లూ తడిమి, ఏది గట్టిగా తన్నుతుందో చూసి, ఆ కాలికి కత్తి ఆనించి, దారం మూడు చుట్లు తిప్పి, పంటితో బిగించి ముడి వేసేవాడు. ఆ ముడి ఊడిన రోజు లేదు. అతను కత్తి కట్టిన పుంజు బరిలోకి దిగిందంటే అవతలి పుంజు పేగులు ఇసుకలో పడాల్సిందే. గర్వం కూడా దానికి తగ్గట్టే ఉండేది. దండం పెట్టినవాడికి బదులు చెప్పాలన్నా ముందు కాసేపు ఆలోచించేవాడు మహానుభావుడు.

నిరుడు మాఘమాసంలో ఆ గర్వం అణిగింది. ఆ రోజు పుంజును పట్టుకున్నది హడ్మా. ముప్పై దాటిన దోర్ల తెగ మనిషి, ఐదేళ్లుగా దుర్గేశ్ దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ముడి బిగిస్తుండగా పుంజు ఒక్క తన్ను తన్నింది. హడ్మా పట్టు జారింది. కత్తి దుర్గేశ్ కుడి మణికట్టులో దిగి ఎముక దాకా కోసింది. నెత్తురు చిమ్మి హడ్మా ముఖమంతా తడిసింది. భద్రాచలం తీసుకెళ్లి కుట్లు వేయిస్తే చెయ్యి దక్కింది గానీ, మూడు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి.

ముడి వెయ్యలేనివాడికి బరి లోపల చోటు లేదు. అది అక్కడి కట్టుబాటు. బరి చుట్టూ కట్టిన తాడుకు ఇవతల జనం, అవతల పుంజుల వాళ్లూ కత్తి కట్టేవాళ్లూ. పదహారేళ్లు లోపల కూర్చున్నవాడు ఇప్పుడు జనం భుజాల మీంచి తొంగి చూడాలి. అతని చోట్లో కూర్చున్నది ఎవరో కాదు, హడ్మానే. పట్టు జార్చినవాడికే పీట! ఆ సంగతి తలుచుకుంటే దుర్గేశ్‌కు ముద్ద దిగేది కాదు.

పని లేని మనిషికి ఫోన్‌లో ఒక ఆట దొరికింది. సంతలో సగం మంది ఆడే పత్తాల ఆట అది, పేకముక్కల్లాంటి బొమ్మలతో కొట్లాట. ఊరికే ఆడుకోవచ్చు. ఇద్దరూ ఐదేసి పత్తాలు పట్టుకుని, ఒక్కొక్కటే ఎదురెదురుగా దింపి, వంతులవారీగా కొట్టుకుంటారు. పత్తా మీదున్న ఈటెవాడో విలుకాడో ప్రాణం అయిపోగానే నెత్తురు కక్కుకుని ముక్కలవుతాడు. బలమైన పత్తాలు కావాలంటే కొనుక్కోవాలి. కొననివాడికి రోజుకో పెట్టె ఊరికే ఇస్తారు, అందులో దొరికేవన్నీ బక్కప్రాణులే. కొనేది లేదని దుర్గేశ్ పంతం పట్టాడు. తన పత్తాలకు పుంజుల పేర్లు పెట్టుకున్నాడు. ఎర్ర తలపాగా ఈటెవాడు డేగ, నల్లటి విలుకాడు కాకి. ఎడమ బొటనవేలితో ఆడేవాడు. రోజూ ఆడేవాడు, రోజూ ఓడేవాడు.

ఈ చలికాలంలో ఒక సంత రోజు హడ్మా వేసిన ముడి వదులుగా కనిపించింది. దుర్గేశ్ ఆగలేకపోయాడు. తాడు దాటి లోపలికి దూకాడు.

"ఏం ముడిరా అది? ఊడి ఎవని కడుపులనో దిగుతది!"

"బయటికి నడువన్నా. పని చెడగొట్టకు" అన్నాడు హడ్మా.

"నాకే చెప్తవా? నా చెయ్యి తిన్నోడివి!"

హడ్మా తోశాడు. దుర్గేశ్ తలతో అతని మూతి మీద గుద్దాడు. ఇద్దరూ కోడి నెత్తురు ఇంకిన ఇసుకలో పడి దొర్లారు. హడ్మా పన్ను ఒకటి ఊడింది. దుర్గేశ్ కనుబొమ చిట్లి కన్ను మూసుకుపోయింది. బరి పెద్ద పొజ్జా వచ్చి ఇద్దరినీ చెరో తన్ను తన్ని విడదీశాడు.

హడ్మా నెత్తురు ఉమ్మేసి అన్నాడు. "ఒంటిచెయ్యోన్ని కొడితే నాకే సిగ్గు. వచ్చే సంతకి ఫోన్‌ల కొట్లాడుదాం రా. నేను గెలిస్తే మళ్ల ఈ తాడు దిక్కు రావద్దు. నువ్వు గెలిస్తే నా పక్కన కూసో, బతికినన్నాళ్లు."

"మాట మాటే" అన్నాడు పొజ్జా. జనం ఈలలు వేశారు. హడ్మా దగ్గర కొన్న పత్తా ఒకటుందని అందరికీ తెలుసు. గొడ్డలి రాక్షసుడు. వాడు ఒక్క వేటు వేస్తే ఏ పత్తా అయినా రెండు తునకలే.

ఆ వారమంతా ఫోన్‌లో ముఖం తెలియనివాళ్లు దింపిన గొడ్డలి రాక్షసుల చేతుల్లో దుర్గేశ్ పత్తాలు చచ్చాయి. పక్కనే చింతపండు గింజ తీస్తున్న పెళ్లాం ప్రశాంతి అతని ఓటములన్నీ చూసింది.

"గీ మూలకు వాపస్ అని ఉన్నది గద, అదేంది?"

"పత్తాను వెనక్కి గుంజుకునేది. ఒక వంతు పోతది."

"మరి నొక్కవేంది?"

"వెనక్కి తిరిగిన పుంజు ఓడినట్టే. బరిల అది చావుకంటే హీనం."

ఏడాదిగా ఆడుతూ ఆ వాపస్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు ఆయన! కోడిపందేల మనిషి తప్ప ఇంకెవడూ చెయ్యడు ఇట్లాంటి తెలివితక్కువ పని.

ప్రశాంతి తల ఎత్తకుండానే అంది. "ఆ రోజు కత్తి దిగంగనే చెయ్యి గుంజుకున్నవా, అట్లనే పెట్టుకున్నవా? గుంజుకున్నవ్ గాబట్టి మూడు వేళ్లతోని పోయింది."

దుర్గేశ్ చేతికందిన చెంబు విసిరాడు. ఆమె తలకు జానెడు దూరంలో గోడకు తగిలి సొట్టబోయింది. ఆమె లేవలేదు. చేతిలో గింజ తీసి గంపలో వేసి, "కొట్టుడొక్కటే వస్తది నీకు" అంది. దుర్గేశ్‌కు సిగ్గేసింది. ఆమె చెప్పింది నిజమేనని తెలిసి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా వాపస్ నొక్కాడు. ఎదురు పత్తా లేకపోయేసరికి రాక్షసుడు ఖాళీ నేలను కొట్టాడు. గొడ్డలి భూమిలో దిగబడిపోయింది. ఒక వంతంతా దాన్ని పీక్కోవడానికే సరిపోయింది వాడికి.

పెరట్లో నొక్కడం వేరు, బజారు నడుమ నొక్కడం వేరు.

సంత రోజు టీ కొట్టు ముందు బెంచీ మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చుట్టూ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆట మొదలవగానే రాక్షసుడు కాకి తల నరికాడు. తర్వాతి వేటుకు ఇంకొకడు నడుముకు తెగిపడ్డాడు. "నరుకు! నరుకు!" అని అరిచారు జనం. ఇక గొడ్డలి డేగ మీదికి లేచింది. దుర్గేశ్ బొటనవేలు వాపస్ దాకా పోయి ఆగింది. ఓడితే ఈ జన్మకు బరి లేదు. నొక్కితే ఇంతమందిలో పరువు లేదు.

వాపస్ నొక్కాడు.

"పారిపోయింది రోయ్ దుర్గేశ్ పుంజు!" ఎవడో కోడి కూత కూశాడు. పకపకా నవ్వారు. దుర్గేశ్ చెవులు భగ్గుమన్నాయి, ఫోన్‌ను ఆ కూసినవాడి నోట్లో కుక్కాలనిపించింది. పళ్లు కరుచుకుని కూర్చున్నాడు. గొడ్డలి నేలలో దిగబడింది. డేగ మళ్లీ దిగి రాక్షసుడి మెడలో ఈటె పొడిచాడు. గొడ్డలి లేవగానే మళ్లీ వాపస్. మళ్లీ దిగి కంట్లో ఒక పోటు. మూడోసారి వాపస్ నొక్కినప్పుడు నవ్వినవాడు లేడు. నాలుగో పోటుకు రాక్షసుడి పొట్ట చీలి ఫోనంతా ఎర్రబడింది. మిగిలిన నాలుగు పత్తాలనూ దుర్గేశ్ జాలి లేకుండా చంపాడు. ఆఖరివాణ్ని చంపాల్సిన దానికంటే ఒక పోటు ఎక్కువే పొడిచాడు.

హడ్మా లేచాడు. ఫోన్ జేబులో పెట్టుకుని బరి దగ్గరికి నడిచాడు. తాడు పైకెత్తి పట్టుకున్నాడు. దుర్గేశ్ వంగి లోపలికి వెళ్లి, అతని పక్కన కూర్చున్నాడు. కుడి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ కింద దాచుకున్నాడు. గెలిచాడు గానీ ఇక్కడ తనకేం పని? ఊరికే కూర్చోబెట్టిన బొమ్మలా ఉన్నానని గుండె చివుక్కుమంది.

అప్పుడే ఒకాయన మెడ బోడిగా ఉన్న పచ్చకాకి పుంజును తెచ్చాడు. హడ్మా కత్తి తీశాడు, దారం విప్పాడు. కట్టలేదు. ఊడిన పన్ను సందులోంచి గాలి పోతుండగా, జనమంతా వినేలా అడిగాడు.

"అన్నా, ఏ కాలికి కట్టాలె?"

ఏడాదిగా ఆ మాట అతన్ని అడిగినవాడు లేడు.  దుర్గేశ్ దాచుకున్న చెయ్యి బయటికి తీసి, వంకర వేళ్లతోనే పుంజు రెండు కాళ్లూ నెమ్మదిగా తడిమాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు, తుడుచుకోనూ లేదు.

"ఎడమకాలికి కట్టరా" అన్నాడు.