ధీరే చల్ అంటే కదిలిన కాళ్లు

మార్టూరు దగ్గర మా కళ్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాను. ఉన్నట్టుండి కుడికాలు నేలకు అతుక్కుపోయింది. ఒళ్లు ముందుకెళ్లింది, కాలు రాలేదు. కాయల మీద బోర్లా పడ్డాను. పాము అడ్డొచ్చిందని, పడగ విప్పిందని మా ఆవిడ వెంకాయమ్మకు చెప్పాను. మూడోసారి గుమ్మం దగ్గర ఆగిపోయేసరికి, "ఇక్కడ గూడా పామేనా?" అంది.

గుంటూరులో న్యూరాలజిస్టు గారు వేళ్లు ఆడించమన్నారు, నడిపించారు, ఎంఆర్ఐ తీయించారు. "పార్కిన్‌సన్స్ అండి. కాలు అలా ఆగిపోవడాన్ని ఫ్రీజింగ్ అంటాం. పూర్తిగా పోదు గానీ, మందులు టైముకు వేసుకుని ఫిజియోథెరపీ చేస్తే బాగానే నడుస్తారు" అన్నారు.

మాత్రలతో చేతి వణుకు తగ్గింది. గుమ్మం మాత్రం దాటలేకపోయేవాణ్ణి. ఈలోగా మరుసటి ఏడు కోతలు దగ్గరపడ్డాయి. కూలీల వెంట వెంకాయమ్మ చేలో ఉండాలి. నన్ను గదిలోంచి వాకిట్లోకి దాటించడానికి ఇంట్లోనూ ఉండాలి. నా దిగులంతా అదే.

"తాళానికి అడుగు పడుతుంది తాతగారూ. ఇంతకీ మీరేం చేసేవారు?" అని ఫిజియోథెరపిస్టు అమ్మాయి అడిగింది.

"మిలటరీ. వెయ్యిమంది చేత పరేడ్ చేయించాను."

"ఇంకేం, మీ కమాండ్లు మీరే ఇచ్చుకోండి."

రొమ్ము విరిచి "తేజ్ చల్" అన్నాను. అంటే నిమిషానికి నూట ఇరవై అడుగులు, అడుగుకు ముప్పై అంగుళాలు. వేగం వచ్చింది గానీ అడుగు బెత్తెడే పడింది. అడుగులు ఇంకా చిన్నవై, పరుగై, పోయి గోడను గుద్దుకున్నాను. నుదుటికి మూడు కుట్లు.

అప్పుడు ఒప్పుకున్నాను. మిలటరీ నిజమే, కానీ నేను వంటవాణ్ణి. వెయ్యిమంది చేత నేను చేయించింది భోజనం. ట్రైనింగ్‌లో అందరితోపాటు డ్రిల్లు చేశాను గానీ, అడుగు కలవడం లేదని డ్రిల్లు నేర్పే ఉస్తాద్ నన్ను వెనక వరుసలో నిలబెట్టేవాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "అడుగు కలవనివాళ్ల చేత మీ ఉస్తాద్ ఏం చేయించేవాడు?"

"కదమ్ తాల్. నిలబడ్డచోటే కాళ్లెత్తి దించడం. తర్వాత ధీరే చల్, నింపాదిగా."

"మనకు కావాల్సింది అదే. ముందే చెప్పుంటే కుట్లు తప్పేవి కదండీ."

ఇంట్లో వెంకాయమ్మే ఉస్తాద్ అయింది. "ఏవయ్యా, ఈడ్చమాక, ఎత్తు. కదమ్ తాల్."

"నీకు హిందీ ఎట్టా వచ్చింది?"

"నలభై ఏళ్లనుంచి నీ గొప్పలు వింటన్నా గదా."

ఒక పూట మాత్ర ఆలస్యమై మళ్లీ పడ్డాను. వారం పాటు మంచం దిగాలంటే భయమేసింది. ఆమె వదల్లేదు.

కోత మొదలైన రోజు ఆమె చద్దిమూట పట్టుకుని వాకిట్లో నిలబడింది. సాయం రాలేదు, మాట అందించలేదు. నేనే కదమ్ తాల్ అని పైకి చెప్పుకుని, నిలబడ్డచోటే నాలుగుసార్లు కాళ్లెత్తి దించి, ధీరే చల్ అన్నాను. కుడికాలు గుమ్మం దాటింది. ఎడమకాలు కూడా వచ్చింది. "పొద్దుగూకేలోపు వస్తా" అని ఆమె చేలోకి వెళ్లిపోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు రోజూ రెండు మైళ్లు నడుస్తున్నాను. కాదు, టీ కొట్టు దాకా. దారిలో రెండుసార్లు ఆగుతాను.

మీ కాలు ఆగితే సిగ్గుపడి గుంజకండి. నిలబడండి, బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకు మార్చండి, ఆ తర్వాత ఒక్క పెద్ద అడుగు వేయండి. వెనకున్నవాళ్లు ఆగుతారు.